చనిపోయిన గుర్రం మూడు పౌండ్లు ఎలా తగ్గింది?

1986 అక్టోబరులో పారిస్‌లోని లాంగ్‌షాంప్ మైదానంలో ఆర్క్ ద ట్రయాంఫ్ రేసు జరిగింది. చివరి మలుపు తిరిగాక కూడా గుంపు వెనకాలే ఉన్న డాన్సింగ్ బ్రేవ్ బయటి వైపు నుంచి దూసుకొచ్చి, బెరింగ్ అనే గుర్రాన్ని ఒకటిన్నర లెంగ్తుల (గుర్రం పొడవుల) తేడాతో ఓడించింది. ఆ ఏడాది యూరప్ హ్యాండిక్యాపర్లు, అంటే గుర్రాలకు రేటింగులు కట్టే అధికారులు, దానికి 141 రేటింగు ఇచ్చారు. పాతికేళ్లకు పైగా ఏ గుర్రమూ ఆ అంకెను అందుకోలేకపోయింది. డాన్సింగ్ బ్రేవ్ 1999లో జపాన్‌లో చనిపోయింది.

2013 జనవరిలో ఆ 141 కాస్తా 138 అయింది.

చనిపోయి పదమూడేళ్లు దాటిన గుర్రం కొత్తగా ఏ రేసూ ఓడిపోలేదు. దాని పాత వీడియోల్లో ఒక్క అడుగూ మారలేదు. అయినా ప్రపంచ ర్యాంకింగుల కమిటీ దాని లెక్కలోంచి మూడు పౌండ్లు కోసేసింది. ఆ కోతతో, 2012లో 140 తెచ్చుకున్న ఫ్రాంకెల్ అనే గుర్రం జాబితాలో మొదటి స్థానానికి వచ్చింది. ఫ్రాంకెల్‌కు గద్దె ఖాళీ చేయడం కోసమే ఈ పని చేశారని కొందరు మండిపడ్డారు. ఎప్పుడో చేయాల్సిన దిద్దుబాటు ఇప్పటికైనా చేశారని మరికొందరు సమర్థించారు.

ఇందులో ఎవరి మాట ఎంత నిజమో తేలాలంటే, ముందు ఆ అంకె ఎలా పుడుతుందో తెలియాలి.

జేబులో సీసం

రేటింగు చెప్పేది వేగం గురించి అనుకుంటారు చాలామంది. నిజానికి అది బరువు లెక్క. బ్రిటన్‌లో ఒక రేటింగు పాయింటు ఒక పౌండుతో సమానం, అంటే అరకిలోకు కాస్త తక్కువ. మన దేశంలో ఒక పాయింటును అరకిలోగా లెక్కిస్తారు.

హైదరాబాద్ మలక్‌పేట రేసుకోర్సులోనైనా, ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌లోనైనా రేసుకు ముందు జరిగే తంతు ఒకటే. జాకీ తన జీనును చేతుల్లో పట్టుకుని తూకం యంత్రం మీదికి ఎక్కుతాడు. ఆ గుర్రం 58 కిలోలు మోయాలని ఉండి, జాకీ, జీను కలిపి 54 కిలోలే తూగితే, మిగిలిన నాలుగు కిలోలూ సీసం రూపంలో చేరతాయి. జీను కింద వేసే గుడ్డకు జేబులుంటాయి. పలుచటి సీసపు బిళ్లలు ఆ జేబుల్లోకి వెళ్తాయి. రేసు అయ్యాక జాకీ మళ్లీ తూగాలి. తేడా వస్తే గెలుపే చేజారవచ్చు.

ఆ నాలుగు కిలోల సీసం వెనక ఉన్నది హ్యాండిక్యాపర్ రాసిన అంకె. 80 రేటింగున్న గుర్రం, 70 రేటింగున్న గుర్రం ఒకే హ్యాండిక్యాప్ రేసులో దిగితే, మొదటిది మన లెక్కలో ఐదు కిలోలు ఎక్కువ మోస్తుంది. లెక్క సరిగ్గా కుదిరితే రెండూ గెలుపు గీత దగ్గరికి పక్కపక్కనే రావాలి. హ్యాండిక్యాపర్ కల అదే: బరిలో ఉన్న గుర్రాలన్నీ ఒకే వరసలో వచ్చి చేరడం.

ఫ్రాంకెల్, డాన్సింగ్ బ్రేవ్ లాంటి మేటి గుర్రాలు హ్యాండిక్యాప్ రేసుల్లో దాదాపు పరుగెత్తవు. అవి దిగే అత్యున్నత స్థాయి గ్రూప్ 1 రేసుల్లో వయసుకూ, ఆడా మగా తేడాకూ ఇచ్చే రాయితీ తప్ప అందరిదీ సమాన బరువే. అందువల్ల వాటి 140, 141 అంకెలు ఏ జేబులోనూ సీసంగా మారవు. అయినా అదే కొలబద్దతో వాటినీ కొలుస్తారు. ఫ్రాంకెల్‌కు 140, మరో గుర్రానికి 120 అంటే, ఫ్రాంకెల్ వీపున 20 పౌండ్లు, అంటే తొమ్మిది కిలోలు, అదనంగా వేస్తే తప్ప ఆ రెండూ సమానం కావని అర్థం.

---

బాక్స్: హ్యాండిక్యాప్ అనే మాట

ఈ మాట రేసుల కంటే పాతది. ఇంగ్లండ్‌లో ఇద్దరు తమ వస్తువులు మార్చుకునేటప్పుడు, తక్కువ విలువ వస్తువు ఇచ్చేవాడు పైన ఎంత డబ్బు కలపాలో మధ్యవర్తి చెప్పేవాడు. ఇద్దరూ టోపీలో చేయి పెట్టి బయటికి తీసే తీరును బట్టి బేరం కుదిరిందో లేదో తేలేది. శామ్యూల్ పీప్స్ 1660 నాటి డైరీలో ఈ ఆట ప్రస్తావన ఉంది. మధ్యవర్తి విలువ కట్టే ఆ పద్ధతే తర్వాత గుర్రాల బరువులకు వచ్చింది.

---

నావికుడు కట్టిన వెల

ఈ విద్యను ఒక క్రమంలో పెట్టినవాడు అడ్మిరల్ హెన్రీ రౌస్. ఓడల మీద పనిచేసి వచ్చిన ఈయన 1855లో ఇంగ్లండ్‌లో పబ్లిక్ హ్యాండిక్యాపర్ అయ్యాడు. అంతకు నాలుగేళ్ల ముందే ఆయన తీర్పుకు ఒక పెద్ద పరీక్ష ఎదురైంది. 1851 మేలో యార్క్ మైదానంలో ఫ్లయింగ్ డచ్‌మన్, వోల్టిజర్ అనే రెండు గుర్రాలకు మాత్రమే పందెం పెట్టారు. ఫ్లయింగ్ డచ్‌మన్‌కు ఐదేళ్లు, వోల్టిజర్‌కు నాలుగు. పెద్దది ఎనిమిదిన్నర పౌండ్లు ఎక్కువ మోయాలని రౌస్ నిర్ణయించాడు. సుమారు రెండు మైళ్ల పరుగు తర్వాత ఫ్లయింగ్ డచ్‌మన్ ఒక్క లెంగ్తు తేడాతో గెలిచింది. అంత దూరం పరుగెత్తిన రెండు గుర్రాల మధ్య మిగిలిన తేడా అంతే!

వయసుకు తగ్గ బరువుల పట్టికను స్థిరపరిచింది కూడా రౌసే. పదో తరగతి పిల్లాణ్ని డిగ్రీ కుర్రాడితో సమానంగా పరుగెత్తించడం న్యాయం కాదు కదా. మూడేళ్ల గుర్రం ఇంకా ఎదుగుతూ ఉంటుంది. ఏడాది మొదట్లో దానికి ఎక్కువ రాయితీ ఇస్తారు, నెలలు గడిచే కొద్దీ తగ్గిస్తారు. దూరం పెరిగితే రాయితీ కూడా పెరుగుతుంది. కాలక్రమంలో అంకెలు సవరించుకున్నారు గానీ ఆ పట్టిక చట్రం నేటికీ నడుస్తోంది.

రేసు ముగిశాక లెక్క ఎలా మొదలవుతుంది?

ఒక ఊహా రేసు తీసుకుందాం. దూరం 2000 మీటర్లు, అందరిదీ సమాన బరువు. మొదటి గుర్రం రెండోదాన్ని రెండు లెంగ్తుల తేడాతో ఓడించింది. మూడోది విజేతకు ఆరు లెంగ్తులు వెనక, నాలుగోది ఎనిమిది లెంగ్తులు వెనక వచ్చాయి. ఈ దూరంలో ఒక లెంగ్తుకు సుమారు ఒకటిన్నర పౌండ్లు. కాబట్టి విజేత కంటే రెండోది 3 పౌండ్లు, మూడోది 9 పౌండ్లు, నాలుగోది 12 పౌండ్లు తక్కువ.

ఇక్కడిదాకా కూడికలు, తీసివేతలే. తేడాలు తెలిశాయి. కానీ నిచ్చెనను ఏ గోడకు ఆనించాలి? విజేతకు 117 ఇవ్వాలా, 127 ఇవ్వాలా?

దానికి జవాబుగా హ్యాండిక్యాపర్, ఆ రేసులో మామూలు స్థాయిలోనే పరుగెత్తిన గుర్రం కోసం వెతుకుతాడు. మూడో గుర్రానికి ఇదివరకు 108, నాలుగోదానికి 105 ఉన్నాయనుకుందాం. ఈ రెండింటి మధ్య తేడా మూడు పౌండ్లు. రేసులో వచ్చిన తేడా కూడా సరిగ్గా మూడే. రెండు సాక్ష్యాలు ఒక్క మాట చెబుతున్నాయి. మూడోది 108 స్థాయిలో పరుగెత్తిందని ఒప్పుకుంటే విజేతకు 117, రెండోదానికి 114 వస్తాయి. రెండోదాని పాత రేటింగు 115 అయితే ఆ ఒక్క పౌండు మీద వాదించవచ్చు. దాన్నే ఆధారం చేసుకుంటే విజేతకు 118 పడుతుంది.

ఆ తర్వాత రెండో తనిఖీ. గత కొన్నేళ్లుగా ఇదే రేసు గెలిచిన గుర్రాల సగటు ఎంత? రెండు, మూడు, నాలుగు స్థానాల్లో వచ్చిన వాటి సగటులెంత? మూడో తనిఖీ గడియారం. అదే రోజు అదే మైదానంలో జరిగిన మిగతా రేసులతో పోలిస్తే ఈ రేసు ఎంత వేగంగా ముగిసింది? నేల తడిగా ఉందా, ఎదురుగాలి ఉందా, మొదట్లో నెమ్మదిగా నడిచి చివర్లో పరుగు పెట్టారా? ఇవన్నీ చూశాకే అంకె ఖాయమవుతుంది.

ఈ పద్ధతిలో అసలు కీలకం ఒకటుంది. విజేత రేటింగు విజేతను చూసి పుట్టదు, దాని వెనక వచ్చిన గుర్రాలను చూసి పుడుతుంది. వెనకవాటిని ఎంత బాగా ఎరిగి ఉంటే ముందుదాన్ని అంత నమ్మకంగా కొలవగలం. మేటి గుర్రాల గురించిన తగాదాలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

---

బాక్స్: లెంగ్తు అంటే ఎంత?

ఒక గుర్రం పొడవు, సుమారు 2.4 మీటర్లు. అయితే బ్రిటన్‌లో ఇప్పుడు తేడాను టేపుతో కొలిచినట్టు చెప్పరు. గెలుపు గీత దగ్గర కెమెరా రెండు గుర్రాల మధ్య సమయాన్ని పట్టుకుంటుంది. ఆ సమయాన్ని లెంగ్తులుగా మారుస్తారు. గట్టి నేల మీద సెకనుకు సుమారు ఆరు లెంగ్తులు, బురద నేల మీద సుమారు ఐదు.

దూరాన్ని బట్టి లెంగ్తు విలువ మారుతుంది. ఐదు ఫర్లాంగుల పరుగులో ఒక లెంగ్తుకు మూడు పౌండ్లు. పది ఫర్లాంగులకు ఒకటిన్నర. పదిహేను ఫర్లాంగులకు ఒకటి. దూరం పెరిగే కొద్దీ అలసటతో గుర్రాల మధ్య ఖాళీలు సాగుతాయి. నిమిషంలో ముగిసే పరుగులో ఒక్క లెంగ్తు సంపాదించడం చాలా కష్టం.

---

ఓడిపోతూ కొలబద్ద అయిన గుర్రం

ఫ్రాంకెల్ 14 రేసుల్లో దిగి 14 గెలిచింది. శిక్షకుడు హెన్రీ సెసిల్, జాకీ టామ్ క్వీలీ. దాని గొప్పతనాన్ని లెక్క కట్టడానికి బాగా పనికొచ్చింది మాత్రం ఎక్సెలబ్రేషన్ అనే మరో గుర్రం. ఫ్రాంకెల్‌తో ఐదుసార్లు తలపడి ఐదుసార్లూ ఓడింది. ఫ్రాంకెల్ లేని చోట మాత్రం గ్రూప్ 1 రేసులు గెలుస్తూ పోయింది. మరో కాలంలో పుట్టి ఉంటే తన దూరంలో అదే రాజు అనిపించుకునేది.

ఒక మైలు దూరంలో ఈ రెండింటి లెక్క చూడండి. 2011 అక్టోబరులో ఆస్కాట్‌లో తేడా నాలుగు లెంగ్తులు. 2012 మేలో న్యూబరీలో ఐదు. నెల తిరిగాక, 2012 జూన్ 19న రాయల్ ఆస్కాట్ క్వీన్ ఆన్ స్టేక్స్‌లో పదకొండు!

ఒక్క నెలలో ఆరు లెంగ్తులు పెరిగాయంటే, మైలు దూరానికి అది దాదాపు 11 పౌండ్లు. ఫ్రాంకెల్ ఒక్క నెలలో అంత మెరుగైందా? ఎక్సెలబ్రేషన్ ఆ రోజు తన స్థాయికి తగ్గిందా? ఎక్సెలబ్రేషన్ స్థాయి 126 అని ఉజ్జాయింపుగా అనుకుందాం. న్యూబరీ లెక్కన ఫ్రాంకెల్‌కు 135 వస్తుంది. రాయల్ ఆస్కాట్ లెక్కను యథాతథంగా తీసుకుంటే 146 దాటుతుంది. అధికారిక అంకె 140 దగ్గర ఆగింది.

క్వీన్ ఆన్ స్టేక్స్‌లో మూడో స్థానంలో వచ్చిన సైడ్ గ్లాన్స్, ఎక్సెలబ్రేషన్‌కు దగ్గర్లోనే రేసు ముగించింది. సైడ్ గ్లాన్స్ మంచి గుర్రమే గానీ అంత పెద్ద గుర్రం కాదు. అది ఎక్సెలబ్రేషన్‌ను దాదాపు పట్టుకుందంటే, ఎక్సెలబ్రేషన్ ఆ రోజు పూర్తి బలంతో పరుగెత్తలేదనే వాదనకు బలం చేకూరుతుంది. కారణం కూడా ఊహించవచ్చు. ఫ్రాంకెల్‌ను వెంటాడబోయి శక్తినంతా ముందే ఖర్చుపెట్టిన గుర్రం చివర్లో ఖాళీ అయిపోతుంది. భారీ తేడాల్లో కొంత భాగం ఎప్పుడూ ఇలాంటి అలసటే. అందుకే హ్యాండిక్యాపర్లు పెద్ద తేడాలను పూర్తి విలువకు లెక్కించరు.

1948 నుంచి స్వతంత్రంగా రేటింగులు ప్రచురిస్తున్న టైమ్‌ఫామ్ సంస్థ మాత్రం ఫ్రాంకెల్‌కు 147 ఇచ్చింది. ఆ సంస్థ చరిత్రలో అదే అత్యధికం. 1965 నాటి సీ బర్డ్ 145తో దాని వెనక ఉంది. టైమ్‌ఫామ్ కొలబద్ద వేరు. దాని అంకెలు మామూలుగానే అధికారిక అంకెల కంటే పైన ఉంటాయి. పాతకాలంలో ఒక ఊరి మానికతో కొలిచిన బియ్యం పక్క ఊరి మానికలో సరిపోయేవి కావు. 140నీ 147నీ పక్కపక్కన పెట్టి ఏడు పౌండ్ల తగాదా అనడం కూడా అలాంటి పొరపాటే.

తూకపు రాళ్లు అరిగితే

ఇప్పుడు డాన్సింగ్ బ్రేవ్ దగ్గరికి వద్దాం.

బ్రిటన్, ఐర్లండ్, ఫ్రాన్స్ హ్యాండిక్యాపర్లు కలిసి ఉమ్మడి జాబితా తయారు చేయడం 1977లో మొదలైంది. ఈ ఏడాది గుర్రాలను నిరుటి గుర్రాలతో, వాటిని అంతకు ముందటి వాటితో పోల్చుకుంటూ అంకెలు ఇస్తారు. గొలుసులో ప్రతి కొక్కెం ముందు కొక్కేన్ని పట్టుకుని వేలాడుతుంది. ఏటా అరపౌండు అటో ఇటో జరిగినా ఎవరికీ తెలియదు. పదిహేనేళ్లకు మాత్రం కొలబద్దే జరిగిపోయి ఉంటుంది. కిరాణా కొట్టులో తూకపు రాళ్లు ఒక్కరోజులో అరగవు. అందుకే తూనికలు, కొలతల శాఖవారు వాటిని ఎప్పటికప్పుడు తనిఖీ చేసి ముద్ర వేస్తారు.

2013లో కమిటీ చేసింది ఆ ముద్ర లాంటి పనే. వివిధ సంవత్సరాల్లో పై స్థాయి గుర్రాల రేటింగులను పక్కపక్కన పెట్టి చూస్తే, 1977 నుంచి 1991 దాకా అంకెలు తర్వాతి కాలం కంటే ఉదారంగా ఉన్నాయని వారికి తేలింది. దాంతో ఆ కాలం మొత్తాన్ని సవరించారు. 1970ల చివరి నాటి అలెజ్డ్ అనే గుర్రం 140 నుంచి 134కు దిగింది. 1981లో ఎప్సమ్ డెర్బీని పది లెంగ్తులతో గెలిచిన షెర్గార్ 140 నుంచి 136కు వచ్చింది. డాన్సింగ్ బ్రేవ్ కోల్పోయింది మూడు. ఆరు, నాలుగు, మూడు. కాలంలో వెనక్కి వెళ్లే కొద్దీ కోత పెరిగింది. ఒక్క గుర్రాన్ని గురిపెట్టి చేసే కోత ఇలా ఉండదు. ఫ్రాంకెల్ కోసమే ఇదంతా చేశారన్న ఆరోపణ ఈ ఒక్క విషయం దగ్గరే బలహీనపడుతుంది.

విమర్శకుల దగ్గర ఇంకో బలమైన ప్రశ్న ఉంది. ఏ కాలంలోనైనా మేటి గుర్రాల సగటు స్థాయి దాదాపు ఒకటే అన్న నమ్మకం మీద ఈ సవరణ నిలబడింది. మరి ఆ తరం నిజంగానే గొప్పదైతే? నార్తర్న్ డాన్సర్ అనే కెనడా గుర్రం కొడుకులు, మనవలు యూరప్ మైదానాలను ఏలిన రోజులవి. డాన్సింగ్ బ్రేవ్ దాని మనవడే. పొలంలో పంట నిజంగా బాగా పండిన ఏడాది కూడా, ఇంత దిగుబడి ఎలా వచ్చిందని మానికనే అనుమానిస్తే రైతుకు అన్యాయం జరిగినట్టే. అరిగిన రాయి ఏదో, పండిన పంట ఏదో విడదీసి చూపే పరీక్ష లేదు. సవరణ సబబైనదే. దాన్ని కొలత అనడం కంటే తీర్పు అనడం న్యాయం. తీర్పు కాబట్టే, ఏ గుర్రాన్ని ఆధారం చేసుకున్నారో, ఎందుకు చేసుకున్నారో కమిటీ ప్రతిసారీ బయటపెట్టాలి.

పందొమ్మిది లెంగ్తుల తలనొప్పి

పదేళ్ల తర్వాత అదే ప్రశ్న మరో ఖండంలో తలెత్తింది. 2022 సెప్టెంబరు 3న కాలిఫోర్నియాలోని డెల్ మార్ మైదానంలో పసిఫిక్ క్లాసిక్ రేసును ఫ్లైట్‌లైన్ అనే గుర్రం పందొమ్మిదింపావు లెంగ్తుల తేడాతో గెలిచింది. జాకీ ఫ్లావియెన్ ప్రా చివర్లో వెనక్కి తిరిగి చూసుకున్నాడు. వెనక ఉన్నవి అల్లంత దూరంలో ఉన్నాయి. రెండో స్థానంలో వచ్చిన కంట్రీ గ్రామర్ ఆ ఏడాదే దుబాయ్ వరల్డ్ కప్ గెలిచిన గుర్రం.

పది ఫర్లాంగుల పరుగుకు లెంగ్తుకు ఒకటిన్నర పౌండ్ల లెక్క వేస్తే తేడా దాదాపు 29 పౌండ్లు. కంట్రీ గ్రామర్ తన స్థాయిలోనే పరుగెత్తిందంటే, ఫ్లైట్‌లైన్‌కు ఇంతవరకు ఏ గుర్రమూ చూడని అంకె ఇవ్వాలి. కమిటీ మొదట 139 ఇచ్చింది. ఏడాది ముగిసేసరికి అది 140 అయింది, సరిగ్గా ఫ్రాంకెల్ పక్కన.

ఇసుకమట్టి ట్రాక్ మీద పరుగు పచ్చిక మీది పరుగులా ఉండదు. అమెరికాలో మొదటి నుంచే వేగం పెంచేస్తారు. అందుకోలేని గుర్రాలు చివర్లో కుప్పకూలినట్టు అవుతాయి, తేడాలు విపరీతంగా సాగుతాయి. అందుకే అక్కడివారు ఎక్కువగా గడియారాన్ని నమ్ముతారు. పత్రికా రచయిత ఆండ్రూ బేయర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన వేగపు అంకెలు అమెరికా రేసు పత్రికల్లో రోజూ కనిపిస్తాయి. ఫ్లైట్‌లైన్‌కు ఆ పద్ధతిలో 126 వచ్చింది. అది పౌండ్ల లెక్క కాదు కాబట్టి 140తో పోల్చలేం.

ఆడగుర్రాల మీద కూడా ఇలాంటి వాదనే నడుస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన వింక్స్ వరసగా 33 రేసులు గెలిచింది. 2018లో మగగుర్రం క్రాక్స్‌మన్‌తో కలిసి 130 దగ్గర మొదటి స్థానం పంచుకుంది. ఆడగుర్రాలు గ్రూప్ 1 రేసుల్లో తక్కువ బరువు మోస్తాయి. రేటింగులో ఆ రాయితీని కలపరు. దాన్ని కలిపి చూస్తే వింక్స్ ఒంటరిగా పైన ఉండేదని దాని అభిమానులు అంటారు. రేటింగు చెప్పేది మోసిన బరువుకు చేసిన పని గురించి కాబట్టి కలపకూడదని హ్యాండిక్యాపర్లు అంటారు. ఒకరు గొప్పతనాన్ని అడుగుతున్నారు, మరొకరు పనిని కొలుస్తున్నారు.

---

బాక్స్: అంకె మీద ఆధారపడినవి

గ్రూప్ 1 హోదా: ఒక రేసులో మొదటి నాలుగు స్థానాల్లో వచ్చిన గుర్రాల సగటు రేటింగు మూడేళ్ల పాటు 115 ఉండాలి. గ్రూప్ 2కు 110, గ్రూప్ 3కి 105. పడిపోతే రేసు హోదాకే ముప్పు.

ప్రపంచ జాబితా: 115, ఆపైన వచ్చిన గుర్రాలకే చోటు. ఏడాదిలో చేసిన అత్యుత్తమ పరుగు ఒక్కటే లెక్క. 2012 అక్టోబరులో తడి నేల మీద ఫ్రాంకెల్ తన చివరి రేసును ఒకటిముప్పావు లెంగ్తుల తేడాతోనే గెలిచినా 140 చెక్కుచెదరలేదు.

సంతానం ధర: 2013లో ఫ్రాంకెల్‌తో ఒక ఆడగుర్రాన్ని దాటించడానికి రుసుము 1,25,000 పౌండ్లు. ఫ్లైట్‌లైన్‌కు 2023లో 2,00,000 డాలర్లు. అంతకు ముందు, 2022 నవంబరులో ఫ్లైట్‌లైన్‌లో కేవలం రెండున్నర శాతం వాటా వేలంలో 46 లక్షల డాలర్లు పలికింది.

---

రెండు 140లు

ఫ్రాంకెల్, ఫ్లైట్‌లైన్ ఎన్నడూ ఎదురుపడలేదు. ఒకటి పచ్చిక మీద, మరొకటి ఇసుకమట్టి మీద పరుగెత్తాయి. వాటి మధ్య ఒక మహాసముద్రం, పదేళ్ల కాలం ఉన్నాయి. రెండింటితోనూ తలపడిన గుర్రం ఒక్కటి కూడా లేదు. ఒక 140ను మరో 140తో కలిపే గొలుసులో ఏటా ఏదో దేశం నుంచి మరో దేశానికి వెళ్లి పరుగెత్తిన, మనం పేరు కూడా గుర్తుపెట్టుకోని ఎన్నో రెండో, మూడో స్థానం గుర్రాలున్నాయి.

ఫ్రాంకెల్ పిల్లలు కూడా ఇప్పుడు ఆ గొలుసులో కొక్కేలే. 2018లో వింక్స్ పక్కన నిలిచిన క్రాక్స్‌మన్ దాని కొడుకు. ఫ్లైట్‌లైన్ జాబితాలో పైకి చేరిన 2022లోనే, అక్టోబరు 2న, లాంగ్‌షాంప్‌లో తడి నేల మీద ఆర్క్ రేసు గెలిచిన అల్పినిస్టా దాని కూతురు. డాన్సింగ్ బ్రేవ్ 141 తెచ్చుకున్న ఏడాది గెలిచింది ఆ రేసే. ఆ రోజు అల్పినిస్టా వెనక వచ్చిన గుర్రాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, వాటిలో తన స్థాయికి తగ్గట్టు పరుగెత్తింది ఏదో వెతికాకే హ్యాండిక్యాపర్లు ఆమెకు అంకె వేశారు.